ఆల్ఫ్రెడ్ బినే: వెనకబెంచీ పిల్లల కోసం పుట్టిన పరీక్ష, దారి తప్పిన అంకె

టెట్‌కో డీఎస్సీకో చదివేవాళ్లకు ఆల్ఫ్రెడ్ బినే ఒక బిట్. శిశువికాసంలో ప్రజ్ఞా పరీక్షల పాఠం రాగానే ఆయన పేరు వస్తుంది. 1905, సైమన్, మానసిక వయస్సు అనే మూడు మాటలు గుర్తుంటే మార్కు పడిపోతుంది. పక్కనే ఒక సూత్రం కూడా ఉంటుంది. మానసిక వయస్సును వాస్తవ వయస్సుతో భాగించి 100తో గుణిస్తే వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి, అంటే ఐక్యూ. ఆ సూత్రం కూడా బినేదే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది ఆయనది కాదు. బినే చనిపోయిన మరుసటి ఏడాది జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ ఆ భాగహారం చేశారు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో గుణించారు. బినే మాత్రం పిల్లల తెలివిని ఒక్క అంకెలోకి కుదించడానికి బతికున్నన్నాళ్లూ జంకుతూనే ఉన్నారు.

ఆ జంకు ఊరికే వచ్చింది కాదు. దాని వెనక ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, నలుగురిలో తలదించుకున్న ఒక ఓటమి ఉంది. నేడు స్కూల్ సైకాలజిస్ట్ అని పిలిచే ఉద్యోగం ఆయన కాలంలో లేదు. ఆ పదవీ ఆ జీతమూ లేకుండానే ఆ పని ఎలా చేయాలో ఆయన చేసి చూపించారు. అందులోని కష్టాలన్నీ కూడా ముందుగా ఆయనకే ఎదురయ్యాయి.

లైబ్రరీలో మొదలైన చదువు

బినే 1857 జులైలో నీస్ నగరంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు ఇంకా ఫ్రాన్స్‌లో కలవలేదు, సార్డీనియా రాజ్యంలో ఉండేది. తండ్రి డాక్టరు, తల్లి చిత్రకారిణి. వాళ్లిద్దరూ విడిపోవడంతో బినే తల్లి దగ్గరే పెరిగారు. పదిహేనేళ్ల వయసులో ఆమెతో కలిసి పారిస్ చేరి, పేరున్న లూయీ ల గ్రాండ్ పాఠశాలలో చదువుకున్నారు. 1878లో న్యాయశాస్త్రంలో పట్టా వచ్చింది కానీ మనసు వకాల్తా మీద నిలవలేదు. వైద్యం చదవడం మొదలుపెట్టి అదీ మానేశారు.

ఏ దారీ తేలని ఆ రోజుల్లో ఆయన జాతీయ గ్రంథాలయంలో కూర్చుని మనస్తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. గురువు లేడు, ల్యాబ్ లేదు, డిగ్రీ లేదు. 1880లో తొలి వ్యాసం అచ్చయింది. చర్మం మీద దగ్గరదగ్గరగా తాకే రెండు మొనలు ఎప్పుడు రెండుగా తెలుస్తాయి, ఎప్పుడు ఒకటిగా తోస్తాయి అన్నది ఆ వ్యాసంలోని విషయం. బెల్జియంకు చెందిన పండితుడు జోసెఫ్ డెల్‌బెఫ్ అందులోని తప్పులను ఎత్తిచూపారు. యువ రచయితకు అది మొదటి దెబ్బ. రెండో దెబ్బ అంతకన్నా గట్టిగా తగిలింది. అది తగిలిందీ ఆ డెల్‌బెఫ్ చేతిలోనే.

అయస్కాంతం నేర్పిన పాఠం

1880లలో పారిస్‌లోని సాల్‌పెత్రియేర్ ఆసుపత్రికి యూరప్ అంతటా పేరుండేది. నరాల వైద్యంలో దిట్ట అయిన జాన్ మార్టిన్ షార్కో అక్కడ హిస్టీరియా రోగులను హిప్నాటిజంలోకి పంపి, వాళ్ల లక్షణాలను అందరి ముందూ ప్రదర్శించేవారు. బినే అక్కడ చేరి, చార్లెస్ ఫెరె అనే డాక్టరుతో కలిసి పనిచేశారు. హిప్నాటిజంలో ఉన్న మనిషి దగ్గర అయస్కాంతం పెడితే ఒక చేతి పక్షవాతం రెండో చేతికి మారుతుందని, ఒక భావం దాని వ్యతిరేక భావంగా తిరుగుతుందని ఆ ఇద్దరూ ప్రకటించారు. 1887లో దీని మీద పుస్తకం కూడా వేశారు.

డెల్‌బెఫ్ స్వయంగా పారిస్ వచ్చి ప్రయోగాలు చూశారు. అయస్కాంతాన్ని రోగి కళ్లెదుటే అటూ ఇటూ మారుస్తున్నారు. ఏం జరగబోతోందో ఆమె వింటుండగానే మాట్లాడుకుంటున్నారు. ఆమె వాళ్లు కోరినట్టే ప్రవర్తిస్తోంది. డెల్‌బెఫ్ తన ఊరికి వెళ్లి, రోగికి ఏ సూచనా అందకుండా అదే ప్రయోగం చేస్తే అయస్కాంతం మహిమ కనిపించలేదు. బినే కొన్నేళ్లు వాదించారు. చివరికి ఆ ఫలితాలు సూచన వల్ల వచ్చినవేనని బహిరంగంగా ఒప్పుకోక తప్పలేదు. 1890 నాటికి ఆసుపత్రితో ఆయన సంబంధం తెగిపోయింది.

ఆ వయసులో అంత పరువు పోతే చాలామంది ఆ రంగమే వదిలేస్తారు. బినే తాను ఎలా మోసపోయానన్న దాన్నే పరిశోధనాంశం చేసుకున్నారు. 1900లో సూచనకు లొంగే స్వభావం మీద ఒక పుస్తకం రాశారు. బడి పిల్లల మీద ప్రయోగాలు చేసి, ప్రశ్న అడిగే తీరు, పెద్దవాళ్ల హోదా, తోటి పిల్లల జవాబు కలిసి పిల్లవాడి చేత లేనిది ఉన్నట్టు ఎలా చెప్పిస్తాయో అందులో చూపించారు. పరీక్షించేవాడు కోరుకున్న జవాబును పరీక్ష రాసేవాడు ఇచ్చేస్తాడన్న ఎరుక అప్పటి నుంచి ఆయన చేసిన ప్రతి పనిలోనూ కనిపిస్తుంది.

ఇంట్లో ఇద్దరు కూతుళ్లు

1884లో బినే పెళ్లి చేసుకున్నారు. భార్య లోర్, పిండశాస్త్రవేత్త బల్బియాని కూతురు. వాళ్లకు మడ్లీన్, ఆలీస్ అని ఇద్దరు ఆడపిల్లలు. సాల్‌పెత్రియేర్‌లో దెబ్బ తిన్న కాలంలోనే ఆయన ఇంట్లో ఈ పిల్లలను గమనించడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో తెలివిని కొలవడమంటే ఇంద్రియాల చురుకును కొలవడమే. శబ్దం వినగానే ఎంత వేగంగా స్పందిస్తారు, రెండు గీతల పొడవులో ఎంత సన్నని తేడా పడతారు అని చూసేవారు. బ్రిటన్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ వేసిన దారి అది. ఇంట్లో ఆడుకునే చిన్నపిల్లలు ఇలాంటి చాలా పనుల్లో పెద్దలకు దగ్గరగానే ఉన్నారని బినే గమనించారు. తేడా వేరే చోట ఉంది. పిల్లలు ఎక్కువసేపు ఒక పని మీద మనసు నిలపలేరు. రెండు కుప్పల్లో దేంట్లో బిళ్లలు ఎక్కువున్నాయంటే లెక్కబెట్టరు, ఎక్కువ చోటు ఆక్రమించిన కుప్పను చూపిస్తారు. కత్తి అంటే ఏమిటని అడిగితే దాని రూపం చెప్పరు, కోయడానికి అంటారు.

ఇద్దరు పిల్లల్లోనూ ఇంకో తేడా ఆయనకు కనిపించింది. ఒకరు ఆచితూచి, చుట్టూ చూసి అడుగు వేస్తే, రెండోవారు ఊహల్లో తేలిపోతారు. ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరిగినా ఆలోచించే తీరు వేరు. 1903లో తెలివి గురించి ఆయన రాసిన పుస్తకానికి ఈ ఇద్దరు కూతుళ్లే ఆధారం.

జీతం లేని డైరెక్టరు

1891లో బినే సోర్బాన్‌లోని మనస్తత్వ ప్రయోగశాలలో చేరారు. జీతం లేదు. కొన్నేళ్లకే దాని డైరెక్టరయ్యారు, చనిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నారు. ఫ్రాన్స్‌లో తొలి మనస్తత్వ పత్రికను స్థాపించి ఏటా ఒక సంపుటం తెచ్చారు. 1894లో పురుగుల నాడీవ్యవస్థ మీద సిద్ధాంత గ్రంథానికి డాక్టరేట్ కూడా వచ్చింది. ప్రొఫెసర్ పదవి మాత్రం రాలేదు. కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఖాళీ వస్తే అది పియెర్ జానేకు దక్కింది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ఉపన్యాసాలిస్తే అక్కడ ఆచార్య పదవి ఇస్తామన్నారు, ఆయనే పారిస్ వదిలి ఉండలేక వద్దన్నారు. పదవి లేదు కాబట్టి శిష్యగణమూ లేదు. సాయంత్రాల్లో నాటక రచయిత ఆంద్రే ద లోర్ద్‌తో కలిసి భయానక నాటకాలు రాసేవారు.

విద్యార్థులు లేని ల్యాబ్ కాబట్టి ఆయన బడుల దారి పట్టారు. తెలివైన పిల్లల తల పెద్దదిగా ఉంటుందన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. బినే కూడా టేపు పట్టుకుని బడిపిల్లల తలలు కొలిచారు. తేడా మిల్లీమీటర్ల లెక్కలోనే వచ్చింది. పైగా, ఎవరు తెలివైన పిల్లలో తనకు ముందే తెలియడం వల్ల తన చెయ్యి తెలియకుండానే ఆ పక్కకు మొగ్గుతోందేమోనన్న అనుమానం వచ్చింది. పరీక్షించుకుంటే అనుమానం నిజమనే తేలింది. సాల్‌పెత్రియేర్ పాఠం అక్కడ పనికొచ్చింది. తలల కొలతను ఆయన పక్కనబెట్టేశారు.

1904: ప్రభుత్వం పిలిచింది

1881, 1882లలో జూల్ ఫెరీ తెచ్చిన చట్టాలతో ఫ్రాన్స్‌లో ఆరు నుంచి పదమూడేళ్ల పిల్లలందరికీ చదువు ఉచితం, తప్పనిసరి అయింది. అంతకుముందు బడి మొహం చూడని పిల్లలు కూడా తరగతి గదిలోకి వచ్చారు. వాళ్లలో కొందరు ఏళ్లు గడిచినా పాఠం అందుకోలేకపోతున్నారు. వీళ్లను ఏం చేయాలో తేల్చడానికి 1904లో విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. పిల్లల మనస్తత్వ అధ్యయనం కోసం ఏర్పడిన ఒక సంఘానికి అప్పటికే అధ్యక్షుడిగా ఉన్న బినేకు అందులో చోటు దక్కింది.

ప్రత్యేక తరగతులు పెట్టాలన్నారు సరే, వాటిలోకి ఎవరిని పంపాలి? ఇక్కడే బినేకు భయం పట్టుకుంది. అల్లరి పిల్లవాణ్ని వదిలించుకోవాలని చూసే టీచరు వాడికి బుర్ర లేదనేస్తారు. పిల్లవాడి మీద మచ్చ పడుతుందని తల్లిదండ్రులు ఉన్న లోపాన్ని దాస్తారు. డాక్టర్లు వాడే పేర్లకూ స్థిరమైన అర్థం లేదు, ఒకే పిల్లవాణ్ని ఒక డాక్టరు ఒక రకమంటే ఇంకో డాక్టరు ఇంకో రకమంటారు. ఇంత గందరగోళంలో ఒక పిల్లవాడి జీవితం తేలిపోకూడదనుకున్నారు బినే. టీచరు కోపానికీ తల్లిదండ్రుల బెంగకూ దూరంగా ఉండే కొలత ఒకటి కావాలి.

ఆయనకు సాయంగా థియొడోర్ సైమన్ అనే యువ డాక్టరు ఉన్నారు. పారిస్ దగ్గర పెరే వోక్లూజ్ ఆశ్రమంలో ఎదుగుదల లేని పిల్లల మధ్య పనిచేసిన మనిషి. ఇద్దరూ కలిసి 1905లో 30 అంశాల పరీక్షను ప్రచురించారు. మొదటి అంశం వెలిగించిన అగ్గిపుల్ల. దాన్ని కదిలిస్తే పిల్లవాడి చూపు వెంట వస్తుందా అన్నది చూస్తారు. తర్వాత ఒక చాక్లెట్ ముక్క, అలాంటిదే ఒక చెక్క ముక్క. ఏది తినేదో గుర్తించాలి. పోనుపోను అంకెలు విని తిరిగి చెప్పడం, బొమ్మలోని వస్తువుల పేర్లు చెప్పడం లాంటివి. చివర్లో గౌరవానికీ అభిమానానికీ తేడా చెప్పడం వంటి కష్టమైన ప్రశ్నలు. బడిలో నేర్పే చదువును ఇందులో అడగరు. రాని చదువుకూ లేని బుద్ధికీ తేడా తెలియాలన్నదే ఉద్దేశం.

పరీక్ష పెట్టే పద్ధతిని ఇంతే శ్రద్ధగా రాశారు. గది ప్రశాంతంగా ఉండాలి. పిల్లవాణ్ని ఒంటరిగా పిలవాలి, కానీ తెలిసిన మనిషి ఒకరు గదిలో ఉంటే వాడి బెరుకు పోతుంది. ఆ మనిషి నోరు మెదపకూడదు. పరీక్షించేవాళ్లు నవ్వుతూ పలకరించాలి, ధైర్యం చెప్పాలి, జవాబు అందించకూడదు. సాల్‌పెత్రియేర్‌లో రోగి ముందే అన్నీ మాట్లాడుకున్న మనిషి ఇరవై ఏళ్ల తర్వాత రాసుకున్న జాగ్రత్తలివి.

గ్రాంజ్ ఓ బెల్ వీధి బడి

1905లోనే పారిస్‌లోని గ్రాంజ్ ఓ బెల్ వీధిలో, వానే అనే హెడ్మాస్టరు నడిపే ప్రాథమిక పాఠశాలలో బినే ఒక ల్యాబ్ తెరిచారు. టీచర్లు చెప్పినవాళ్లను, తల్లిదండ్రులు తీసుకొచ్చినవాళ్లను అక్కడ చూసేవారు. తెలివి ఒక్కటే కాదు, పిల్లల ఒంటి ఎదుగుదల, చూపు కూడా పరీక్షించేవారు. టీచర్లే తరగతిలో కంటిచూపు పరీక్షించేందుకు ఒక పద్ధతి తయారుచేశారు. బోర్డు మీద అక్షరం ఆనని పిల్లవాడు బడిలో మొద్దుగా ముద్రపడే ప్రమాదం ఆయనకు తెలుసు.

1908లో పరీక్షను వయసుల వారీగా మార్చారు. మూడేళ్ల పిల్లలు ముక్కు, కళ్లు, నోరు చూపించాలి. ఆ పైవాళ్లకు బొమ్మలో ఏం తగ్గిందో చెప్పడం వంటివి. ఏ వయసు పిల్లలు చేసే పనులు వీడు చేయగలుగుతున్నాడో చూసి దాన్ని మానసిక స్థాయి అన్నారు. ఆ మాటలో ఒక సౌలభ్యం ఉంది. స్థాయి పెరగొచ్చు. 1909లో పిల్లల గురించి ఆయన రాసిన పుస్తకంలో, తెలివి పుట్టుకతో స్థిరమై ఇక మారదని తీర్పు చెప్పేవాళ్లను గట్టిగా ఖండించారు. వెనకబడిన పిల్లల తరగతుల్లో ఆయన సూచించిన కసరత్తులు ఆటల్లా ఉంటాయి. టీచరు సైగ చేయగానే అందరూ బొమ్మల్లా కదలకుండా నిలబడాలి, రోజురోజుకూ ఆ సేపు పెంచాలి. కొన్ని వస్తువులు అంటించిన అట్టను క్షణాల పాటు చూపించి దాచేస్తే, చూసినవి గుర్తుతెచ్చుకుని రాయాలి. ముందు మనసు నిలపడం నేర్పితే చదువు తర్వాత ఎక్కుతుందన్నది ఆయన నమ్మకం. అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రత్యేక తరగతుల చట్టం వచ్చింది.

తన కొలత లోపాలు కూడా ఆయన దాచలేదు. బ్రసెల్స్‌లో సంపన్నుల పిల్లలు చదివే ఒక బడిలో ఇదే పరీక్ష పెడితే అక్కడి పిల్లలు పారిస్ పేదవాడల పిల్లల కన్నా దాదాపు ఏడాదిన్నర ముందున్నారు. ఇంట్లో వినే మాట, దొరికే ఆదరణ పరీక్షలో మార్కులుగా మారుతున్నాయని బినే గ్రహించారు. 1911లో పరీక్షను మరోసారి సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 18న, 54 ఏళ్లకే కన్నుమూశారు.

సముద్రం దాటిన తర్వాత

అమెరికాలో న్యూజెర్సీలోని ఒక శిక్షణ సంస్థలో పనిచేసే హెన్రీ గొడార్డ్ 1908లో యూరప్ వచ్చి ఈ పరీక్షను తీసుకెళ్లి అనువదించారు. పరీక్షతో పాటు బినే జాగ్రత్తలు ప్రయాణం కట్టలేదు. తెలివి వంశపారంపర్యమని, మారదని గొడార్డ్ నమ్మకం. 1913లో న్యూయార్క్ రేవులో ఓడ దిగిన వలసదారులకు దుబాసీల సాయంతో ఈ పరీక్షలు పెట్టించారు. టెర్మన్ 1916లో స్టాన్‌ఫర్డ్-బినే పరీక్ష తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 17 లక్షల మందికి పైగా అమెరికా సైనికులకు మూకుమ్మడిగా ప్రజ్ఞా పరీక్షలు జరిగాయి.

అంకె చివరికి కోర్టు మెట్లూ ఎక్కింది. వర్జీనియాలో క్యారీ బక్ అనే యువతికి మానసిక వయస్సు తొమ్మిదేళ్లని పరీక్షలో తేల్చి, బలవంతంగా గర్భనిరోధక శస్త్రచికిత్స చేయాలన్నారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు సరేనంది. ఆమె బడిలో మామూలుగానే పాసైన పిల్లేనని తర్వాత బయటపడింది. సాయం అవసరమైన పిల్లవాణ్ని వెతకడానికి చేసిన కొలబద్ద ఆ ఊళ్లో ఒక మనిషి సంతానాన్ని ఆపడానికి పనికొచ్చింది. 1961 దాకా బతికిన సైమన్, ఐక్యూ అంకెను తమ పరీక్ష ఆశయానికి జరిగిన ద్రోహంగానే భావించారు.

ఇంకో దారి కూడా సాగింది. 1913లో లండన్ కౌంటీ కౌన్సిల్ సిరిల్ బర్ట్‌ను బడుల కోసం మనస్తత్వవేత్తగా నియమించింది. 1915లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రం ఆర్నల్డ్ గెసెల్‌కు స్కూల్ సైకాలజిస్ట్ అనే హోదాతోనే ఉద్యోగమిచ్చింది. 1919లో పారిస్ చేరిన జాన్ పియాజేకు సైమన్ గ్రాంజ్ ఓ బెల్ వీధి ల్యాబ్ అప్పగించారు. పిల్లల ఒప్పు జవాబులు లెక్కపెట్టమని చెబితే పియాజే తప్పు జవాబుల వెనక ఆలోచన ఏమిటని అడగడం మొదలుపెట్టారు. టెట్ పుస్తకంలో బినే తర్వాత కొన్ని పేజీలకు వచ్చే పియాజే అలా ఆ బడిలోనే తయారయ్యారు.

మన బడుల్లో

ఉపఖండానికి కూడా ఈ పరీక్ష త్వరగానే వచ్చింది. సి. హెర్బర్ట్ రైస్ హిందుస్తానీలో రూపొందించిన బినే పరీక్ష 1929లో అచ్చయింది. ఆ తర్వాత వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల మీద ప్రయోగించి తయారుచేసిన రూపం 1940లో పుస్తకంగా వచ్చింది. బినే-కామత్ పరీక్ష అనే పేరుతో అది ఇప్పటికీ మన ఆసుపత్రుల్లో, క్లినిక్‌లలో వాడుకలో ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాలను కూడా జాబితాలో చేర్చాక, ధ్రువపత్రం కోసం పిల్లలను తీసుకుని తిరిగే తల్లిదండ్రులు పెరిగారు. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి కావాలంటే ఆ కాగితం ఉండాలి.

బినే ఎదుర్కొన్న ఇబ్బందులు ఆ గదిలో ఇవాళా ఉన్నాయి. టీచరుకు తీర్పు తొందరగా కావాలి. తల్లికి మంచి మాట వినాలని ఉంటుంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, పరీక్షలో ఇంకో భాష అయిన పిల్లవాడు జవాబు తెలిసీ మాట దొరక్క నిలబడిపోతాడు. ముందున్న కాగితం మీద ఒక అంకె పడేదాకా అందరూ ఎదురుచూస్తారు. ఆ పని చేసేవాళ్లకు దక్కే తృప్తి మాత్రం అంకె పడిన తర్వాత మొదలవుతుంది. బోర్డు కనిపించక వెనకబడ్డ పిల్లకు కళ్లజోడు రావడం, ముందు వరుసలో కూర్చోబెట్టిన పిల్లవాడు మూడు నెలలకు వాక్యం కూడబలుక్కోవడం. గ్రాంజ్ ఓ బెల్ వీధిలో బినే పిల్లల చేత బొమ్మల్లా నిలబడే ఆట ఆడించి ఎదురుచూసింది అలాంటి దాని కోసమే.

డీఎస్సీలో ఆ బిట్‌కు సరైన జవాబు గుర్తించి ఉద్యోగం తెచ్చుకున్న టీచరు ఎదుట కూడా ఏదో ఒక రోజు అలాంటి పిల్లవాడే కూర్చుంటాడు.